ఎస్కె బ్రూన్

ఎస్కె బ్రూన్ (1904 మే 25 - 1987 అక్టోబరు 11) డెన్మార్కు దేశానికి చెందిన పరిపాలనాధికారి. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో డెన్మార్కు జర్మనీ ఆక్రమణలో ఉన్నప్పుడు గ్రీన్‌లాండు పాలనా బాధ్యతను వహించాడు. ఆర్కిటిక్ వృత్తానికి చాలా ఉత్తరాన, జనసంచారం లేని ఈశాన్య గ్రీన్‌లాండు తీరాన్ని కాపలా కాయడానికి 1941లో కుక్కబండ్ల గస్తీ దళాన్ని ఏర్పరచినవాడుగా ఇతడు ప్రసిద్ధుడు. ఒక్కొక్క సమయంలో సుమారు పదిహేను మందికి మించని ఈ దళం, ప్రపంచ యుద్ధాలలో పాల్గొన్న అతి చిన్న సైన్యాలలో ఒకటిగా చెప్పబడుతున్నది. బ్రూన్ స్వయంగా సైనికుడు కాడు. న్యాయశాస్త్రం చదివి, ప్రభుత్వ కొలువులో చేరిన ఉద్యోగి.

నేపథ్యం

గ్రీన్‌లాండు ప్రపంచంలోకెల్లా పెద్ద ద్వీపం. వైశాల్యం సుమారు 21 లక్షల 66 వేల చదరపు కిలోమీటర్లు, అనగా భారతదేశ వైశాల్యంలో దాదాపు మూడింట రెండు వంతులు. ఇందులో అత్యధిక భాగం శాశ్వతంగా మంచుతో కప్పబడి ఉంటుంది. 1940ల నాటికి జనాభా సుమారు 20 వేలు మాత్రమే. వీరిలో ఎక్కువమంది పశ్చిమ తీరంలోని చిన్న చిన్న పల్లెలలో నివసించే గ్రీన్‌లాండు స్థానికులు. సీలు వేట, చేపల వేట వారి ప్రధాన వృత్తులు. అప్పట్లో డెన్మార్కు ప్రభుత్వం ఈ ద్వీపాన్ని బయటివారెవ్వరూ అనుమతి లేకుండా అడుగు పెట్టకుండా మూసి ఉంచి, వర్తకమంతా తన గుత్తాధిపత్యంలో నడిపేది.

పరిపాలన కొరకు పశ్చిమ తీరాన్ని రెండు భాగాలు చేసి, ఒక్కొక్క భాగానికి ఒక పాలకుడిని నియమించేవారు. ఉత్తర భాగానికి గోడ్‌హౌన్, దక్షిణ భాగానికి గోట్‌హోబ్ కేంద్రాలు. గోట్‌హోబ్‌నే తరువాతి కాలంలో నూక్ అని పిలుస్తున్నారు. 1930లలో గ్రీన్‌లాండు పాలనా విభాగంలో పనిచేసిన బ్రూన్, యుద్ధం మొదలయ్యేనాటికి ఉత్తర గ్రీన్‌లాండు పాలకుడిగా ఉన్నాడు. దక్షిణ భాగానికి అక్సెల్ స్వానె పాలకుడు.

యుద్ధకాలపు పాలన

1940 ఏప్రిల్ 9న జర్మనీ సైన్యం డెన్మార్కును ఆక్రమించింది. ఒక్క రోజులో రాజధానితో గ్రీన్‌లాండుకు సంబంధాలు తెగిపోయాయి. ఇద్దరు పాలకుల ముందు చిక్కు ప్రశ్న నిలిచింది. కోపెన్‌హాగన్ నుండి వచ్చే ఆదేశాలు ఇకపై ఎవరి ఆదేశాలుగా భావించాలి? బ్రూన్, స్వానెలు 1925 నాటి గ్రీన్‌లాండు పాలనా చట్టంలో అత్యవసర పరిస్థితికి సంబంధించిన నిబంధనను ఆధారం చేసుకొని, మాతృదేశం విముక్తి పొందేవరకు సర్వాధికారాలు తమవేనని నిశ్చయించారు. 1940 మే నెల ఆరంభంలో గోడ్‌హౌన్‌లో సమావేశమైన స్థానిక ప్రతినిధి సభలు దీనిని సమర్థించి, రాజు పదవ క్రిస్టియన్ పట్ల విధేయతను ప్రకటించాయి. చట్టంలోని ఒక నిబంధన పైన ఒక దేశపు పాలన అయిదేళ్ళు నిలబడడం చరిత్రలో అరుదైన విషయమే.

ద్వీపానికి తిండిగింజలు, బొగ్గు, తుపాకి మందు మొదలైనవన్నీ సముద్రం మీదుగా రావలసిందే. ఇవిట్టూట్ గనిలో దొరికే క్రయొలైటు అనే ఖనిజం ఈ కష్టకాలంలో గ్రీన్‌లాండును ఆదుకొన్నది. అల్యూమినియం తయారీకి అవసరమైన ఈ ఖనిజాన్ని అమెరికా, కెనడాలకు అమ్మి, ఆ సొమ్ముతో సరుకులు తెప్పించారు. 1941 ఏప్రిల్ 9న, అంటే ఆక్రమణ జరిగి సరిగ్గా ఏడాది నిండిన రోజున, వాషింగ్టన్‌లోని డెన్మార్కు రాయబారి హెన్రిక్ కౌఫ్‌మన్ తన స్వంత బాధ్యతపై అమెరికాతో ఒప్పందం కుదుర్చుకొన్నాడు. దీని ప్రకారం గ్రీన్‌లాండు రక్షణకై అమెరికా అక్కడ స్థావరాలు నిర్మించుకోవచ్చు. కోపెన్‌హాగన్ ప్రభుత్వం ఈ ఒప్పందం చెల్లదని ప్రకటించి కౌఫ్‌మన్‌ను పదవి నుండి తొలగించింది. గ్రీన్‌లాండు పాలకులిద్దరూ మాత్రం ఒప్పందాన్ని అంగీకరించారు. అదే సంవత్సరం స్వానె అమెరికాకు వెళ్ళగా, బ్రూన్ గోట్‌హోబ్ కేంద్రంగా మొత్తం గ్రీన్‌లాండుకు ఏకైక పాలకుడయ్యాడు.

వాతావరణ సమాచారం - ఒక ఆయుధం

మనుషులే లేని మంచు తీరం కోసం జర్మనీ ఎందుకు ఆరాటపడినట్లు? ఐరోపాకు వాతావరణం సాధారణంగా పడమటి దిక్కు నుండి వస్తుంది. బంగాళాఖాతంలో వాయుగుండం ఎక్కడ ఉన్నదో తెలిస్తే కోస్తా జిల్లాలలో రేపు ఏమి జరుగుతుందో చెప్పగలిగినట్లే, గ్రీన్‌లాండులో ఈనాటి గాలి, పీడనం, ఉష్ణోగ్రత తెలిస్తే ఒకటి రెండు రోజుల తరువాత ఉత్తర అట్లాంటిక్‌లోను, పశ్చిమ ఐరోపాలోను వాతావరణం ఎలా ఉంటుందో అంచనా వేయవచ్చు. విమాన దాడులకు, ఓడల బారులు బయలుదేరడానికి, సైన్యాల దిగుమతికి ఈ అంచనాలే ఆధారం. గ్రీన్‌లాండులోని వాతావరణ కేంద్రాలు యుద్ధం మొదలైన తరువాత తమ సమాచారాన్ని సంకేత భాషలో పంపసాగాయి. అది అందక, జర్మనీ రహస్యంగా స్వంత కేంద్రాలను నెలకొల్పే ప్రయత్నాలు చేసింది. ఇందుకు అన్నివిధాలా అనువైనది ఈశాన్య తీరం.

ఆ తీరం పొడవునా సముద్రంలో మంచుగడ్డలు పేరుకొని ఉంటాయి. వేసవి చివర కొద్ది వారాలు తప్ప ఓడలు చేరలేవు. 74వ అక్షాంశం వద్ద నవంబరు నుండి ఫిబ్రవరి తొలి రోజుల దాకా సూర్యుడు ఉదయించడు. ఆ చీకటిలో విమానాల నుండి ఏమీ కనిపించదు. అమెరికా బలగానికి సాధ్యం కాని ఈ పనిని ఆ తీరంలో నక్కలను, ఎలుగుబంట్లను వేటాడి బతికే కొద్దిమంది వేటగాళ్ళు చేయగలరని బ్రూన్ గుర్తించాడు. ఇతడి జీవితంలో అన్నిటికంటె సూక్ష్మమైన ఆలోచన ఇదే అనవచ్చు.

కుక్కబండ్ల గస్తీ దళం

1941 వేసవిలో దళం ఏర్పాటైంది. నాయకుడు ఇబ్ పౌల్సెన్. సభ్యులలో డెన్మార్కు వారు, నార్వే వారు, గ్రీన్‌లాండు స్థానికులు ఉన్నారు. ఈ తీరంపై హక్కుల కోసం డెన్మార్కు, నార్వేలు కొట్లాడుకొని అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్ళగా, 1933లో డెన్మార్కుకు అనుకూలంగా తీర్పు వచ్చింది. ఆ తరువాత ఎనిమిదేళ్ళకే రెండు దేశాల వేటగాళ్ళు ఒకే దళంలో చేరడం గమనించదగినది. క్లావెరింగ్ దీవిలోని ఎస్కిమోనెస్ ప్రధాన కేంద్రం. ఎల్లా దీవిలోను, దక్షిణాన స్కోర్స్‌బీసుండ్‌లోను మిగిలిన కేంద్రాలు ఉండేవి.

స్కోర్స్‌బీసుండ్ నుండి ఉత్తరాన జర్మేనియా లాండ్ దాకా సరళరేఖలో కొలిచినా 700 కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఇచ్ఛాపురం నుండి తడ దాకా ఉన్న ఆంధ్ర తీరాన్ని పదిహేనుమంది మనుషులు, వారి కుక్కలు కాపలా కాస్తున్నట్లు ఊహించుకోవచ్చు. పైగా ఇక్కడి తీరం తిన్ననిది కాదు. లోతుగా చొచ్చుకొని వచ్చిన సముద్రపు పాయల వెంట తిరిగితే దూరం అనేక రెట్లు అవుతుంది.

స్లెడ్జి అనబడే ఈ బండికి చక్రాలు ఉండవు. రెండు పొడవైన చెక్కల మీద అడ్డపట్టెలు కట్టి, మంచుమీద జారేటట్లు తయారు చేస్తారు. దానిని లాగడానికి ఒక జట్టు కుక్కలను కడతారు. గ్రీన్‌లాండు పద్ధతిలో ప్రతి కుక్కకూ విడివిడిగా తాడు ఉండి, కుక్కలు విసనకర్ర ఆకారంలో విచ్చుకొని పరుగెత్తుతాయి. మంచు పగిలి ఒక కుక్క నీటిలో పడినా మిగిలినవి దానితోపాటు మునిగిపోకుండా ఈ పద్ధతి కాపాడుతుంది. సీలు మాంసం, కస్తూరి ఎద్దు మాంసం వీటి ఆహారం. అది వేటాడి సంపాదించవలసిందే కనుక గస్తీకి వెళ్ళేవాడు ముందుగా వేటగాడు అయి ఉండాలి. తీరం వెంట అక్కడక్కడ వేటగాళ్ళు కట్టుకొన్న చెక్క గుడిసెలు రాత్రి మజిలీలు. వచ్చినవాడు పొయ్యి వెలిగించుకొని, వెళ్ళేటప్పుడు తరువాత వచ్చేవాడి కోసం వంటచెరకు సిద్ధం చేసి వెళ్ళడం అక్కడి ఆచారం. అపరిచితుల అడుగుజాడ, ఎక్కడైనా పొగ, కొత్త బండి జాడ కనిపిస్తే కేంద్రానికి తెలపడం, కేంద్రంలోని రేడియో ద్వారా ఆ వార్త గోట్‌హోబ్‌లోని బ్రూన్‌కు చేరడం - ఇదీ వారి విధి. యుద్ధం చేయడం మొదట వారి పనిగా లేదు. వారి వద్ద ఉన్నవి వేట తుపాకులు మాత్రమే.

1943 మార్చి సంఘటనలు

1942 ఆగస్టులో సాక్సెన్ అనే జర్మను ఓడ సాబైన్ దీవికి చేరి, అక్కడ రహస్య వాతావరణ కేంద్రాన్ని నెలకొల్పింది. దాని సైనికాధికారి లెఫ్టినెంట్ హెర్మన్ రిట్టర్. ఆస్ట్రియాకు చెందిన ఇతడు అంతకుముందు స్పిట్స్‌బెర్గెన్ దీవులలో కొన్నేళ్ళు వేటగాడిగా జీవించినవాడు. ఇతడి భార్య క్రిస్టియానె ఆ జీవితాన్ని గురించి రాసిన పుస్తకం ఐరోపాలో పేరు పొందింది. కాబట్టి ఆ తీరంలో ఎదురుబడిన రెండు పక్షాల వారూ ఒకే వృత్తికి, ఒకే ఆచారానికి అలవాటు పడినవారే. శీతాకాలం గడిచేదాకా ఒకరి ఉనికి ఒకరికి తెలియలేదు.

1943 మార్చి 11న మారియుస్ యెన్సెన్ అనే డెన్మార్కు వేటగాడు, మీకాయెల్ కునాక్, విలియమ్ ఆర్కె అనే ఇద్దరు గ్రీన్‌లాండు స్థానికులు సాబైన్ దీవి ప్రాంతానికి గస్తీకి వెళ్ళారు. అక్కడి గుడిసె నుండి ఇద్దరు మనుషులు పారిపోతుండగా చూశారు. లోపల జర్మను సైనిక దుస్తులు కనిపించాయి. ఆ రాత్రి విశ్రాంతికి ఆగినచోట జర్మనులు వెంటాడి రాగా, బండ్లను, కుక్కలను, సామానును వదిలి ముగ్గురూ చీకటిలో తప్పించుకొన్నారు. సుమారు 90 కిలోమీటర్లు కాలినడకన ఎస్కిమోనెస్ చేరి వార్త అందించారు. ఆ మంచులో అంత దూరం గుడారం గాని, పరుపు సంచులు గాని లేకుండా నడవడం సామాన్యమైన విషయం కాదు.

రేడియో ద్వారా వార్త బ్రూన్‌కు చేరింది. ఎస్కిమోనెస్‌కు, గోట్‌హోబ్‌కు మధ్య దాటడానికి వీలులేని మంచు పీఠభూమి, 1500 కిలోమీటర్లకు పైగా దూరం. సైన్యం పంపడానికి సైన్యం లేదు. అమెరికా ఓడలు వేసవి దాకా రాలేవు. అన్నిటికంటె పెద్ద సమస్య న్యాయసంబంధమైనది. డెన్మార్కు లాంఛనంగా జర్మనీతో యుద్ధంలో లేదు. సైనికులు కానివారు ఆయుధాలతో పట్టుబడితే వారికి యుద్ధఖైదీల హక్కులు వర్తించవు, పట్టుకొన్నవారు కాల్చివేయవచ్చు. వేటగాళ్ళను వెనక్కు పిలిస్తే తీరం శత్రువుది అవుతుంది. పిలవకపోతే వారి ప్రాణాలకు పూచీ లేదు. బ్రూన్ మూడవ దారి ఎంచుకొన్నాడు. గస్తీ దళమే గ్రీన్‌లాండు సైన్యమని ప్రకటించి, సభ్యులకు సైనిక హోదాలు ఇచ్చాడు. పౌల్సెన్ కెప్టెన్ అయ్యాడు. ఒక తంతి వార్తతో వేటగాళ్ళు సైనికులయ్యారు. కాగితం మీద ఇది వారికి రక్షణ. నిజానికి ఇది వారిని యుద్ధంలోకి దింపిన ఆజ్ఞ కూడా. అంతవరకు వారిలో చాలామందికి మనిషిపై తుపాకి ఎత్తడమన్నది ఊహకు అందని విషయం.

మార్చి 23 రాత్రి జర్మనులు మరతుపాకులతో ఎస్కిమోనెస్‌పై దాడి చేశారు. వేట తుపాకులతో ఎదుర్కోవడం అసాధ్యం కావడంతో కాపలాదారులు చీకటిలోకి చెదరిపోయారు. పౌల్సెన్ తగిన దుస్తులు కూడా లేకుండా కాలినడకన బయలుదేరి, అనేక కష్టాలు పడి దక్షిణాన ఎల్లా దీవికి చేరుకొన్నాడు. రిట్టర్ కేంద్రాన్ని తగులబెట్టించాడు. వెళ్ళేముందు అతడు వదిలిన లేఖలో, తమకు డెన్మార్కుతో వైరం లేదని, తమను పట్టుకోమని ఆజ్ఞలిచ్చి గ్రీన్‌లాండును యుద్ధరంగంగా మార్చినది అక్కడి పాలనాధికారులేనని నిందించాడు. వేటకు వాడే గుండ్లను మనుషులపై వాడడం యుద్ధనీతికి విరుద్ధమని కూడా హెచ్చరించాడు. నింద పరోక్షంగా బ్రూన్ మీదనే. ఒక దేశాన్ని ఆక్రమించుకొన్న పక్షం ఈ మాట అనడంలోని అసంగతిని అలా ఉంచితే, ఆజ్ఞ ఇచ్చినవాడు దూరంగా సురక్షితంగా ఉన్నాడన్నది మాత్రం వాస్తవం.

మార్చి 26న, దాడి సంగతి తెలియని ముగ్గురు సభ్యులు సాండొడ్డెన్ అనేచోట జర్మనుల కాపులో చిక్కుకొన్నారు. ముందుగా వచ్చిన ఎలి క్నుడ్సెన్ బండిని ఆపడానికి జర్మనులు కాల్పులు జరపగా క్నుడ్సెన్ మరణించాడు. కుక్కలను మాత్రమే కాల్చాలని రిట్టర్ ఉద్దేశమని చెబుతారు. మారియుస్ యెన్సెన్, పీటర్ నీల్సెన్ బందీలయ్యారు. గస్తీ దళం మొత్తం యుద్ధంలో కోల్పోయిన ఒకే ఒక ప్రాణం క్నుడ్సెన్‌ది.

తరువాతి కథ విచిత్రమైనది. క్నుడ్సెన్ మరణం రిట్టర్‌ను కలవరపరచింది. బందీగా తన వెంట ప్రయాణిస్తున్న యెన్సెన్‌పై అతడు అంతగా నిఘా పెట్టలేదు. ఒకనాడు అదను చూసి యెన్సెన్ అతడి తుపాకిని చేజిక్కించుకొన్నాడు. ఆపైన తన బందీని చంపకుండా, విడిచిపెట్టకుండా, వందల కిలోమీటర్ల మంచు దారిలో కుక్కబండిపై స్కోర్స్‌బీసుండ్‌కు తీసుకొని వచ్చి అప్పగించాడు. ఆ ప్రయాణంలో ఇద్దరిలో ఎవరు నిద్రపోయినా రెండవవాడి దయపై ఆధారపడవలసిందే. బ్రూన్ ప్రకటించిన సైన్యం పట్టుకొన్న మొదటి ఖైదీ ఈ విధంగా శత్రుపక్షపు నాయకుడే అయ్యాడు.

1943 మే 25న ఐస్‌లాండు నుండి వచ్చిన అమెరికా విమానాలు బెర్న్ట్ బాల్కెన్ ఆధ్వర్యంలో సాబైన్ దీవిలోని కేంద్రంపై బాంబులు వేశాయి. జూన్‌లో జర్మనులు తమవారిని విమానంలో తరలించారు. ఆ వేసవిలో అమెరికా ఓడ అక్కడికి చేరేసరికి ఒక్క జర్మను వైద్యుడు మాత్రమే మిగిలి ఉన్నాడు.

గస్తీ కొనసాగింపు

తగులబడిన ఎస్కిమోనెస్‌కు బదులుగా 1944లో డేనెబోర్గ్ వద్ద కొత్త కేంద్రం వెలసింది. 1944 ఏప్రిల్ 22న నీల్స్ యెన్సెన్ నాయకత్వంలో దళ సభ్యులు షానన్ దీవిలోని మరొక జర్మను కేంద్రంపై దాడి జరిపారు. అక్కడి సైనికాధికారి లెఫ్టినెంట్ గెర్హార్డ్ జాఖర్ ఈ ఘర్షణలో మరణించాడు. సంఖ్యలో తక్కువైన దళం వెనుదిరిగినా, కేంద్రం జాడ బయటపడినందువల్ల జర్మనులు జూన్‌లో దానిని ఖాళీ చేశారు. అదే సంవత్సరం అక్టోబరులో జర్మనుల చివరి ప్రయత్నాలను అమెరికా తీరరక్షక ఓడలు భగ్నం చేశాయి.

యుద్ధం తరువాత

1945 మేలో డెన్మార్కు విముక్తి పొందింది. అక్కడి పార్లమెంటు 1941 నాటి ఒప్పందాన్ని ఆమోదించడంతో కౌఫ్‌మన్, బ్రూన్‌ల చర్యలకు చట్టబద్ధత లభించింది. యుద్ధకాలంలో గ్రీన్‌లాండు తన పనులు తాను చూసుకోగలదని రుజువైంది. రేడియో ప్రసారాలు మొదలయ్యాయి. 1942లో డేనిష్ భాషలో ఒక వార్తాపత్రిక వెలువడింది. పాత మూసివేత విధానానికి తిరిగి వెళ్ళడం సాధ్యం కాదన్నది బ్రూన్ అభిప్రాయం. అనంతరం కోపెన్‌హాగన్‌లో గ్రీన్‌లాండు వ్యవహారాల విభాగంలో అత్యున్నత పదవికి చేరి 1964 వరకు కొనసాగాడు. 1950లో వర్తక గుత్తాధిపత్యం సడలించడం, 1953 రాజ్యాంగం ద్వారా గ్రీన్‌లాండు వలస స్థితి నుండి డెన్మార్కులో సమాన భాగంగా మారడం ఈ కాలంలోనే జరిగాయి. క్షయవ్యాధి నివారణ, పాఠశాలలు, గృహనిర్మాణం పెద్దయెత్తున చేపట్టారు.

ఈ కాలానికి మరొక ముఖం కూడా ఉంది. 1951లో 22 మంది గ్రీన్‌లాండు పిల్లలను కుటుంబాల నుండి వేరుచేసి డెన్మార్కుకు పంపారు. మాతృభాష మరచిపోయి తిరిగి వచ్చిన పిల్లలలో చాలామంది ఇళ్ళకు చేరలేదు. వారిని అనాథాశ్రమంలో ఉంచారు. 1953లో తూలే వద్ద అమెరికా వైమానిక స్థావర విస్తరణ కోసం పాతిక పైచిలుకు స్థానిక కుటుంబాలను కొద్ది రోజుల వ్యవధిలో ఉత్తరానికి తరలించారు. మొదటి విషయానికి డెన్మార్కు ప్రధాని 2020లోను, రెండవదానికి 1999లోను క్షమాపణ చెప్పారు. గ్రీన్‌లాండు ప్రజల మేలు ఏమిటో తమకే తెలుసునన్న ధీమా ఆ తరం అధికారులందరిలో ఉండేది. ఇందుకు బ్రూన్ మినహాయింపు కాదు. యుద్ధకాలంలో వేటగాళ్ళ అనుభవాన్ని నమ్మి తీరాన్ని అప్పగించిన వ్యక్తి, శాంతికాలంలో అదే ప్రజల కుటుంబాల విషయంలో వారి మాట వినకుండా నిర్ణయాలు చేసిన యంత్రాంగానికి అధిపతి కావడం ఇతడి జీవితంలోని వైరుధ్యం.

పదవీ విరమణ తరువాత బ్రూన్ తన గ్రీన్‌లాండు జీవితాన్ని గురించి రాసిన జ్ఞాపకాల గ్రంథం 1985లో ప్రచురితమైంది. 1987 అక్టోబరు 11న మరణించాడు.

గస్తీ దళం యుద్ధం ముగియగానే రద్దయినా, 1950లో డెన్మార్కు సైన్యం అదే తీరంలో తిరిగి కుక్కబండ్ల గస్తీని ప్రారంభించి, 1953లో దానికి సిరియస్ అనే నక్షత్రం పేరు పెట్టింది. మన పంచాంగాలలో మృగవ్యాధుడుగా చెప్పబడే ఈ నక్షత్రాన్ని పాశ్చాత్యులు కుక్క నక్షత్రం అంటారు. డేనెబోర్గ్ ఈ దళానికి ముఖ్యస్థానం. ఇద్దరేసి మనుషులు, ఒక జట్టు కుక్కలు నెలల తరబడి ఆ తీరం వెంట తిరుగుతారు. 2000లో అప్పటి యువరాజు, 2024లో రాజైన ఫ్రెడరిక్ ఈ దళంతో కలిసి నాలుగు నెలలు ఉత్తర గ్రీన్‌లాండులో కుక్కబండిపై ప్రయాణించాడు.